వారధి దాటే బస్సుకు దారేది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విజయవాడ, గుంటూరు నగరాల మధ్య శివారు ప్రాంతాలను కలుపుతూ బస్సులకు ప్రత్యేక మార్గం, అంటే బీఆర్‌టీ, వేయాలంటే ఏయే పనులు ఏ వరుసలో జరగాలో గత సంచికలో రాశాము. విజయవాడలోని పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి కృష్ణా నది మీది కనకదుర్గ వారధి, తాడేపల్లి, మంగళగిరి, కాజ, నంబూరు, పెదకాకాని మీదుగా గుంటూరు బస్టాండు వరకు ఉన్న దాదాపు 35 కిలోమీటర్ల దారిని ఉదాహరణగా తీసుకున్నాము. ఇది ప్రభుత్వం ప్రకటించిన పథకం కాదని, ఇలాంటి మార్గాన్ని ఎలా ఆలోచించాలో చూపడమే ఉద్దేశమని అప్పుడే చెప్పాము. అయినా ఉత్తరాలు బాగా వచ్చాయి. వాటిలో ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, కొన్నింటిని కుదించి, ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా పేటలో బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది. రోడ్డుంది, పేరుంది, బస్సే లేదు. సాయంత్రం పూట నడకకు, పిల్లలు సైకిలు నేర్చుకోవడానికి మాత్రం బాగానే ఉంది. ఒకసారి ఖర్చు పెట్టి చూశాం కదా, మళ్లీ ఎందుకు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ ప్రశ్నలోని చురక న్యాయమైనదే. 2005 డిసెంబరులో కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకాన్ని మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో విశాఖపట్నానికీ, విజయవాడకూ బీఆర్‌టీఎస్ మంజూరైంది ఆ పథకం కిందనే. అదే పథకం నిధులతో అహ్మదాబాద్ కూడా తన మార్గాన్ని కట్టుకుంది. అక్కడ 2009 అక్టోబరులో ‘జన్‌మార్గ్’ పేరుతో పన్నెండున్నర కిలోమీటర్ల మొదటి భాగంలో బస్సులు తిరగడం మొదలై, ఆ తరువాత అంచెలంచెలుగా నగరమంతా విస్తరించింది. నిధుల దారి ఒకటే అయినా ఫలితం వేరుగా ఎందుకు వచ్చిందో చూడాలంటే, రెండు చోట్లా మార్గాన్ని ఎలా ఎంచుకున్నారో చూడాలి.

సత్యనారాయణపురం గుండా పోయే రైలు పట్టాలను తీసేశాక, ఊరి మధ్యలో పొడవుగా, తిన్నగా, ఖాళీ స్థలం దొరికింది. ఇళ్లు కూల్చే పని లేదు, పరిహారం తగాదా లేదు. ఏ అధికారికైనా అక్కడే రోడ్డు వేయాలని అనిపించడం సహజం. కానీ బస్సు ఎక్కే జనం ప్రధానంగా ఏలూరు రోడ్డు మీదా, బందరు రోడ్డు మీదా ఉన్నారు. ఆఫీసులు, కాలేజీలు, ఆసుపత్రులు, బట్టల దుకాణాలు ఆ రెండు రోడ్లనే పట్టుకుని ఉన్నాయి. స్థలం దొరికిన చోట మార్గం వేశాము, జనం ఉన్న చోట కాదు. రెండో కారణం, రోడ్డు ఒక్కటే ముందు కట్టడం. స్టేషన్లు, టిక్కెట్టు పద్ధతి, కూడళ్లలో సిగ్నళ్లు, తగిన బస్సులు, వాటిని నడిపే సంస్థ, ఇవన్నీ ఒకే రోజున సిద్ధంగా ఉంటేనే అది బీఆర్‌టీ అవుతుంది. అహ్మదాబాద్‌లో మార్గాన్ని నడపడానికి విడిగా ఒక కంపెనీ ఉంది. ఇక్కడ కాంక్రీటు మాత్రమే వచ్చింది.

అందువల్ల ఈసారి మొదటి పని కొలత టేపుతో కాదు, టిక్కెట్ల లెక్కతో మొదలుకావాలి. ఏ స్టేజీలో ఎక్కి ఏ స్టేజీలో దిగుతున్నారో కండక్టరు చేతిలోని టిక్కెట్టు మిషను ప్రతిరోజూ నమోదు చేస్తూనే ఉంటుంది. ఆ లెక్కను గంటలవారీగా తీసి పటం మీద పెడితే సగం ప్రణాళిక తయారైనట్టే. అయితే అందులో ఒక లోపం ఉంది. పాసులున్న విద్యార్థులు టిక్కెట్టు తీసుకోరు కాబట్టి, కాలేజీలు ఇన్ని ఉన్న ఈ దారిలో ఉదయం పూట అసలు రద్దీ ఆ లెక్కలో కనిపించదు. బైకుల మీదా, షేర్ ఆటోల్లోనూ పోయేవారు అసలే కనిపించరు. వారిని రోడ్డు పక్కన ఆపి, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతున్నారో అడిగి రాసుకోవలసిందే. ఈ పని ఇంటి నుంచి కంప్యూటరు ముందు కూర్చుని చేసేది కాదు.

ప్రశ్న: విజయవాడ, గుంటూరు మధ్య ఇప్పటికే నాన్‌స్టాపులు, పల్లెవెలుగులు, ఎక్స్‌ప్రెస్‌లు వరుసగా తిరుగుతున్నాయి. ప్రత్యేకమైన దారి వేసినంత మాత్రాన కొత్తగా ఒరిగేదేమిటి?
– విశ్వవిద్యాలయ విద్యార్థిని, మంగళగిరి

జవాబు: బస్సు ఆలస్యం అయ్యేది పరిగెత్తేటప్పుడు కాదు, ఆగినప్పుడు. రేపు ఉదయం మంగళగిరి స్టాపులో ఒక బస్సు ఆగినప్పుడు గమనించండి. దిగేవాళ్లు ఇంకా మెట్ల మీద ఉండగానే ఎక్కేవాళ్లు కడ్డీ పట్టుకుని నిలబడతారు. ఒక చేతిలో క్యారేజీ సంచి, మరో చేతిలో పిల్లవాడి వేలు పట్టుకున్న తల్లి ఎత్తుగా ఉన్న మొదటి మెట్టు మీద కాలు వేయడానికి ముందు సంచిని భుజానికి మార్చుకుంటుంది. ముసలాయన రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. సగటున మనిషికి మూడు సెకన్లు పట్టినా, ముప్పైమంది ఎక్కడానికి తొంభై సెకన్లు. టిక్కెట్లు పూర్తయ్యే వరకు కండక్టరు బస్సును ఆపించే స్టాపులు కూడా ఉంటాయి.

బీఆర్‌టీ స్టేషనులో టిక్కెట్టు లోపలికి వచ్చేటప్పుడే తీసుకుంటారు. ప్లాట్‌ఫారం ఎత్తూ, బస్సు నేల ఎత్తూ సమానంగా ఉంటాయి. అహ్మదాబాద్‌లో ఈ ఎత్తు 900 మిల్లీమీటర్లు. రెండు వెడల్పాటి తలుపుల గుండా ఒక్కొక్క తలుపులో సెకనుకు ఒక మనిషి చొప్పున లోపలికి నడిచిపోతే, అదే ముప్పైమందికి పదిహేను సెకన్లు, దిగేవారికి ఇంకో అయిదారు సెకన్లు. ఒక్కో స్టాపులో నిమిషానికి పైగా మిగిలితే, పన్నెండు స్టాపుల దారిలో పన్నెండు నిమిషాలకు తక్కువ కాదు. ఇందుకు బస్సు వేగం గంటకు ఒక్క కిలోమీటరు కూడా పెంచనక్కరలేదని గమనించండి. చక్రాల కుర్చీలో వచ్చేవారు, మోకాళ్ల నొప్పులున్నవారు ఎవరి సాయమూ లేకుండా ఎక్కగలగడం దీనితో పాటే వస్తుంది, దాన్ని నిమిషాల్లో కొలవలేము.

ఇందులో డ్రైవరు పనితనం కూడా ఉంది. ప్లాట్‌ఫారానికీ, బస్సు గడపకూ మధ్య సందు జానెడు కూడా ఉండకూడదు. సందు ఎక్కువైతే ప్రయాణికుడు కిందికి చూసి, ఆగి, అడుగు వేస్తాడు. దాంతో మిగుల్చుకున్న సమయమంతా అక్కడే పోతుంది. అందుకే ప్లాట్‌ఫారం అంచున రబ్బరు పట్టీ బిగిస్తారు, టైరుకు తగిలి దారి చూపేలా కింద అంచు కట్టను నున్నగా పోస్తారు, డ్రైవర్లకు ఖాళీ స్టేషన్లలో తర్ఫీదు ఇస్తారు. టెండరు పత్రాల్లో రోడ్డుకు వంద పేజీలు పెట్టి, ఈ తర్ఫీదుకు ఒక్క పేరా కూడా కేటాయించకపోవడం మన దగ్గర మామూలే.

ఇక కూడళ్ల సంగతి. నాలుగు వైపులా వంతులవారీగా పచ్చదీపం ఇచ్చే సిగ్నలులో ఒక చుట్టు 160 సెకన్లు అనుకుందాము. మన వైపు ఎర్రదీపం 120 సెకన్లు ఉంటే, వచ్చే ప్రతి బస్సూ సగటున 45 సెకన్లు ఆగుతుంది. కుడి మలుపులను ఆ కూడలిలో తీసేసి, సిగ్నలును రెండు వంతులకు, 80 సెకన్ల చుట్టుకు కుదిస్తే, ఎర్రదీపం 45 సెకన్లు అవుతుంది, సగటు నిరీక్షణ 13 సెకన్లకు దిగుతుంది. పది కూడళ్లుంటే అయిదు నిమిషాలకు పైగా లాభం. ఈ లాభం బస్సుకే కాదు, తిన్నగా పోయే ప్రతి వాహనానికీ దక్కుతుంది.

ప్రశ్న: ఎన్ని బస్సులు కావాలో ఎలా లెక్కగడతారు?
– వాణిజ్య అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లెక్క తేలికైనదే, అందులో దాగిన ఆర్థిక విషయం మాత్రం పెద్దది. 35 కిలోమీటర్లను గంటకు 25 కిలోమీటర్ల సగటు వేగంతో నడిపితే 84 నిమిషాలు. రానూ పోనూ 168, రెండు చివర్లా విరామానికి 12 కలిపితే 180 నిమిషాలు. మూడు నిమిషాలకొక బస్సు కావాలంటే 60 బస్సులు, మరమ్మతుల కోసం పదోవంతు అదనంగా కలిపి 66. సగటు వేగం 30కి పెరిగితే ఒక వైపు 70 నిమిషాలే. చుట్టు పూర్తికావడానికి 152 నిమిషాలు, అంటే 51 బస్సులు, అదనంతో 56. అదే సేవ పది బస్సులు తక్కువతో జరుగుతుంది. ఆ పది బస్సుల కొనుగోలు, వాటి డ్రైవర్ల జీతాలు, డిపోలో వాటికి కావలసిన చోటు, అన్నీ మిగులుతాయి. కూడళ్లలోనూ స్టాపుల్లోనూ సెకన్లు లెక్కపెట్టడం చాదస్తంగా అనిపించేవారు ఈ లెక్కను ఒకసారి స్వయంగా వేసి చూడాలి.

మూడు నిమిషాలకొక బస్సు అంటే గంటకు ఇరవై బస్సులు, బస్సుకు 70 మంది చొప్పున ఒక వైపు 1,400 మంది. రద్దీ ఇంతకు మించితే నిమిషానికొకటి చొప్పున 4,200 మంది వరకు ఈ పన్నెండు మీటర్ల బస్సులతోనే నెట్టుకురావచ్చు. ఆపైన కావాలంటే పద్దెనిమిది మీటర్ల జంట బస్సులు, స్టేషను దగ్గర ఒక బస్సును మరొకటి దాటిపోయే అదనపు వరుస అవసరమవుతాయి.

ప్రశ్న: మీరు రాసినదంతా బాగుంది కానీ వారధి మీద ఏం చేస్తారు? వంతెనను వెడల్పు చేయలేరు కదా. ఉదయం మా తాడేపల్లి వైపు నుంచి వెళ్లేవాళ్ల అవస్థ మాకే తెలుసు.
– ప్రైవేటు ఉద్యోగి, తాడేపల్లి

జవాబు: ఈ మార్గం మొత్తంలో అసలు పీటముడి ఇదే. మిగిలిన ముప్పై కిలోమీటర్లు ఎంత అందంగా కట్టినా, వారధి దగ్గర బస్సు లారీల వెనక నిలబడితే సమయపట్టిక మొత్తం అక్కడే చెదిరిపోతుంది. పెద్ద నగరాల్లో కూడా బీఆర్‌టీ చెడిపోయేది చాలా సార్లు ఇలాంటి ఇరుకు చోటనే, ఎందుకంటే కట్టడం కష్టమని సరిగ్గా అక్కడే ప్రత్యేక వరుసను ఆపేస్తారు.

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది, వంతెన మీద ఒక వరుసను బస్సులకే కేటాయించడం. సాఫీగా సాగే ఒక వరుసలో గంటకు సుమారు 1,800 కార్లు పోతాయి, కారుకు ఒకటిన్నర మంది చొప్పున 2,700 మంది. అదే వరుసలో నిమిషానికొక బస్సు, బస్సుకు అరవైమంది పోతే 3,600 మంది. లెక్క బస్సు వైపే ఉన్నా, నిమిషానికొక బస్సు తిరగనంత కాలం ఆ వరుస ఖాళీగా కనిపిస్తుంది, పక్కన ఇరుక్కున్నవాళ్లు ఊరుకోరు. మొదటి రోజే ఈ పని చేయమని నేను చెప్పను.

రెండోది, నాకు సరిపోతుందనిపించేది, వంతెనకు కాస్త ముందు సిగ్నలు పెట్టడం. బస్సు వరుస వంతెన మొదలయ్యే చోటికి కొంచెం ముందుగా ముగుస్తుంది. అక్కడ మిగిలిన వాహనాలకు కొద్ది సెకన్లు ఎర్రదీపం వేసి, ముందు బస్సును వంతెన మీదికి వదులుతారు. వంతెన మీద వరుసలేవీ తగ్గవు, వాహనాల మొత్తం సంఖ్యా తగ్గదు, క్యూ మాత్రం వంతెన మీద కాకుండా దాని బయట నిలుస్తుంది, బస్సు ఆ క్యూను తప్పించుకుంటుంది. దీనికి కావలసింది వంతెనకు రెండు వైపులా కొన్ని వందల మీటర్ల స్థలం, సరైన సిగ్నలు, దాన్ని పాటింపజేసే పోలీసులు.

మూడోది మన చేతిలో లేనిదైనా దానంతటదే జరుగుతున్నది. చిన్న అవుటపల్లి, గొల్లపూడి మీదుగా కృష్ణను కొత్త వంతెనపై దాటి కాజ వైపు వచ్చి కలిసే పడమటి బైపాసు మీదికి చెన్నై, కోల్‌కతా లారీలు మళ్లితే వారధి మీద కొంత ఊపిరాడుతుంది. ఆ ఊపిరిని వెంటనే బస్సుకు రాసిపెట్టకపోతే, ఆరు నెలల్లో కార్లు, బైకులు వచ్చి ఆ ఖాళీని నింపేస్తాయి. బెంజి సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్లు కట్టినప్పుడు కింద మిగిలిన చోటును బస్సుల కోసం ఉంచి ఉంటే ఎంత బాగుండేదో ఆ దారిన పోయిన ప్రతిసారీ అనుకుంటూ ఉంటాను.

ప్రశ్న: బస్సు వరుసలు రోడ్డు మధ్యలో వేస్తారా, పక్కన వేస్తారా? మధ్యలో వేస్తే కుడివైపు తిరగడం కుదరదంటున్నారు. నా దుకాణానికి వచ్చేవాళ్లు చుట్టూ తిరిగి రావాలా?
– హార్డ్‌వేరు వ్యాపారి, గుంటూరు

జవాబు: ఊరి లోపల మధ్యలోనే వేయాలి. పక్కన వేస్తే ఆగిన ఆటో, సరుకు దించే ట్రాలీ, దుకాణం ముందు నిలిపిన బైకు, ఎడమకు తిరిగే కారు, అన్నీ ఆ వరుసలోనే ఉంటాయి. నెల తిరిగేసరికి అది బస్సు వరుస అన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. మధ్యలో వేసినప్పుడు బస్సుకు అడ్డొచ్చేది కుడి మలుపు ఒక్కటే. కాబట్టి చిన్న సందుల దగ్గర కుడి మలుపులు తీసేసి, కొంత దూరం పోయి వెనుదిరిగేలా ఏర్పాటు చేస్తారు. మీ దుకాణానికి బండిలో వచ్చేవారు అర కిలోమీటరు చుట్టూ తిరగవలసి రావచ్చు, ఆ మాట దాచడంలో అర్థం లేదు. అయితే మీ దుకాణం ఎదురుగా గానీ, నడిచే దూరంలో గానీ స్టేషను ఉంటే, అక్కడ దిగే జనం కూడా మీ లెక్కలోకే వస్తారు. సరుకు దించుకోవడానికి పొద్దున్నే కొన్ని గంటలు విడిగా ఇవ్వాలని, పక్క వరుసలో కొన్ని చోట్ల దించుకునే జాగా చూపాలని ఇప్పుడే, డిజైను కాగితం మీద ఉండగానే, మీ వర్తక సంఘం ద్వారా అడగండి. కాంక్రీటు పోశాక అడిగితే వినేవాళ్లుండరు.

తాడేపల్లి దాటాక జాతీయ రహదారి మీద మాత్రం పద్ధతి మారాలి. ఆ రోడ్డు జాతీయ రహదారుల సంస్థది, వాహనాల వేగం ఎక్కువ. అక్కడ మధ్యలో స్టేషను పెడితే ప్రయాణికుడు మూడు వరుసల హైవేను దాటాలి, లేదా లిఫ్టు ఉన్న పైవంతెన ఎక్కి దిగాలి. దానికన్నా సర్వీసు రోడ్డు వెంట బస్సు వరుస, గ్రామాల దగ్గర స్టేషను, కూడళ్లలో బస్సుకు ముందు దారి ఇచ్చే సిగ్నలు మేలు. ఒకే మార్గంలో రెండు పద్ధతులుంటే ప్లాట్‌ఫారాలు కొన్ని చోట్ల బస్సుకు కుడివైపు, కొన్ని చోట్ల ఎడమవైపు వస్తాయి కాబట్టి, రెండు వైపులా తలుపులున్న బస్సులు కొనాలి. ఇది బస్సులకు ఆర్డరు ఇవ్వడానికి ముందే తేలవలసిన విషయం.

ప్రశ్న: ఢిల్లీలో కట్టి పీకేశారు, భోపాల్‌లో కట్టి పీకేశారు. మనం నేర్చుకునేది ఏముంది?
– విలేకరి, విజయవాడ

జవాబు: పీకేయడం ఎందుకు జరిగిందో నేర్చుకోవాలి. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల మార్గం 2008లో మొదలై, 2016లో తొలగించబడింది. అక్కడ ఏ బస్సయినా వరుసలోకి రావచ్చు, పోవచ్చు. స్టాపులను కూడళ్లకు ఆనుకుని, సిగ్నలుకు ముందే పెట్టారు. టిక్కెట్టు బస్సులోనే. చిరాగ్ ఢిల్లీ లాంటి కూడలిలో అన్ని మలుపులనూ ఉంచి, వాటిపైన బస్సులకు విడిగా వంతు కలిపారు. సిగ్నలు చుట్టు మరీ పొడవై, బస్సులూ నిలిచాయి, కార్లూ నిలిచాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పైగా ఆరు కిలోమీటర్లకు లోపు మార్గంలో ఎవరికీ చెప్పుకోదగ్గ సమయం మిగలదు, కారులో కూర్చున్నవారి కోపం మాత్రం రోజూ పెరుగుతుంది. భోపాల్‌లో 2013లో మొదలైన సుమారు 24 కిలోమీటర్ల మార్గాన్ని 2024 జనవరి నుంచి తొలగించడం మొదలుపెట్టారు. మధ్యలో ఎన్నో చోట్ల తెగిపోయిన వరుస, పెరగని బస్సుల సంఖ్య ఉన్నప్పుడు, ఖాళీగా కనిపించే కాంక్రీటును ఏ ప్రజాప్రతినిధీ ఎక్కువ కాలం వెనకేసుకురాడు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ హుబ్బళ్లి, ధార్వాడ్ జంట నగరాలది. దాదాపు 22 కిలోమీటర్లు, ప్రపంచ బ్యాంకు సాయంతో కట్టి, 2018 అక్టోబరులో ‘చిగరి’ బస్సులతో మొదలుపెట్టారు. స్టేషన్ల దగ్గర దాటిపోయే వరుసలు ఉండడం వల్ల ప్రతిచోటా ఆగే బస్సులూ, ఆగకుండా పోయే బస్సులూ ఒకే దారిలో నడుస్తాయి. రెండు ఊళ్ల మధ్య నాన్‌స్టాపుకు అలవాటు పడిన మనవాళ్లకు ఇది తప్పనిసరి. ఇలాంటి మార్గం వేయాలనుకునేవారు విదేశీ యాత్ర పెట్టుకునే ముందు ఒకసారి రైలెక్కి హుబ్బళ్లి వెళ్లి రావడం మంచిది.

ప్రశ్న: విజయవాడకు మెట్రో వస్తుందంటున్నారు. అది వచ్చాక ఇది దండగ కాదా?
– గృహిణి, పటమట

జవాబు: విజయవాడ మెట్రో మొదటి దశ ప్రతిపాదన సుమారు 38 కిలోమీటర్లకు, దాదాపు 11 వేల కోట్ల రూపాయలు. అంటే కిలోమీటరుకు 280 కోట్లకు పైనే. ఇందులోని రెండు మార్గాలూ పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు వైపు పోయేవి. వారధి దాటి మంగళగిరి, గుంటూరు వైపు మొదటి దశలో ఏమీ లేదు. కాబట్టి ఒకదానికొకటి పోటీ కాదు. బస్టాండు దగ్గర రెండూ కలిసే చోట ఒక ప్లాట్‌ఫారం నుంచి మరోదానికి వానలో తడవకుండా, రోడ్డు దాటకుండా నడిచి వెళ్లే ఏర్పాటును ఇప్పుడే రెండు డిజైన్లలోనూ గీయించడం ముఖ్యం. 1974లో బ్రెజిల్‌లోని కురిచీబా నగరం రైలు కట్టే స్తోమతు లేక బస్సులకు ప్రత్యేక మార్గం వేసింది. ఎత్తయిన భవనాలకు ఆ మార్గం వెంటే అనుమతులిచ్చి, జనాన్ని బస్సు దగ్గరికే తెచ్చుకుంది. అమరావతి ప్రాంతంలో ఇంకా కట్టవలసినవే ఎక్కువ కాబట్టి, ఆ రెండో పని మనం కురిచీబా కన్నా సులువుగా చేయగలం.

ప్రశ్న: బస్సు వరుసకు తారు చాలా, కాంక్రీటు కావాలా? మా నల్లరేగడిలో ఏ రోడ్డూ రెండు వానాకాలాలు నిలవదు.
– సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: స్టేషన్ల దగ్గర, సిగ్నళ్ల దగ్గర కాంక్రీటు తప్పదు. నిండు బస్సు ప్రతిసారీ ఒకే చోట బ్రేకు వేసి, ఒకే గాడిలో ఆగి, అక్కడి నుంచే లాగుతుంది. మే నెల ఎండకు మెత్తబడిన తారు ఆ గాడిలో పక్కలకు జరిగి గట్లు కడుతుంది. అప్పుడు బస్సు నేల దిగి, ప్లాట్‌ఫారంతో సమానంగా ఉండవలసిన ఎత్తు తప్పుతుంది. స్టేషన్ల మధ్య తారు సరిపోతుంది.

నల్లరేగడి సంగతి పైన వేసేదానితో తీరదు. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు తీసే ఆ మట్టిని కొంత లోతు వరకు తీసేసి గ్రావెలు నింపాలి, లేదా సున్నం కలిపి దాని గుణం మార్చాలి. అంతకన్నా ముఖ్యం, నీరు కింద చేరకుండా చూడడం. బస్సు వరుసకు రెండు వైపులా కట్టే అంచు గోడలు రోడ్డు మీది వాననీటికి ఆనకట్టలవుతాయి. ధార్వాడ్‌లో టోల్ నాకా దగ్గర బస్సు దారిలో నీళ్లు నిలుస్తాయన్న ఫిర్యాదు చాలాకాలం వినిపించింది. 2024 సెప్టెంబరులో బుడమేరు సగం విజయవాడను ముంచినప్పుడు చూశాము, ఎత్తు చేసిన ప్రతి కట్టా ఎవరో ఒకరి ఇంటి వైపు నీటిని నిలబెడుతుంది. కాబట్టి మార్గం వాలు పటం, కాలువల పటం ఒకే కాగితం మీద పెట్టి చూడకుండా టెండరు పిలవకూడదు. తాగునీటి పైపులు, మురుగు కాలువలు, కరెంటు కేబుళ్లు బస్సు వరుస కింద ఉంటే ముందే పక్కకు మార్చాలి. లేకపోతే కొత్త కాంక్రీటును మొదటి ఏడాదే తవ్వుతారు.

ప్రశ్న: రోడ్డు పక్కన నాకు ముప్పై సెంట్లు ఉంది. పోతుందా?
– రైతు, నంబూరు

జవాబు: రహదారి హద్దులోనే సర్వీసు రోడ్డు వెంట వేస్తే చాలా చోట్ల కొత్త భూమి అక్కరలేదు, స్టేషన్ల దగ్గర, కూడళ్ల దగ్గర కొంత కావచ్చు. తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం వర్తిస్తుంది. పల్లెల్లో మార్కెట్ విలువను దూరాన్ని బట్టి ఒకటి నుంచి రెండు రెట్ల వరకు లెక్కించి, దానిపై నూరు శాతం సొలేషియం, అంటే పరిహారానికి అదనంగా ఇచ్చే మొత్తం, కలుపుతారు. నోటిఫికేషను వచ్చాక అభ్యంతరం చెప్పడానికి గడువు ఉంటుంది, దాన్ని వదులుకోకండి. ఈలోగా పాసుపుస్తకం, అడంగలు, సర్వే హద్దులు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా షేర్ ఆటోల పొట్ట కొట్టడానికే ఇదంతా అని మా స్టాండులో అనుకుంటున్నారు.
– ఆటో డ్రైవరు, మంగళగిరి

జవాబు: హైవే మీద బస్సుతో పాటు పరిగెత్తే ఆటోకు గిరాకీ తగ్గుతుంది, అది నిజం. కానీ స్టేషను హైవే మీద ఉంటే ఊళ్లు లోపల ఉన్నాయి. నిడమర్రు, కాజ, నంబూరు లోపలికి, ఆసుపత్రులకు, కాలేజీలకు చేర్చే చివరి రెండు మూడు కిలోమీటర్లు మీవే. బస్సు మూడు నిమిషాలకొకటి వస్తే మీ స్టాండులో జనం రోజంతా సమంగా ఉంటారు, ఇప్పటిలా ఒకేసారి గుమిగూడి మళ్లీ ఖాళీ కారు. ప్రతి స్టేషను డిజైనులో ఆటోలకు నీడ ఉన్న స్టాండు, బయటికి వచ్చే దారిలోనే, గీసి ఉండాలని మీ సంఘం ఇప్పుడే రాతపూర్వకంగా అడగాలి. స్టేషను కట్టేశాక ఆటోలను పోలీసులు తరమడం, మీరు మళ్లీ వచ్చి నిలపడం అనే ఆట ఎవరికీ మంచిది కాదు.

ప్రశ్న: విజయవాడ, గుంటూరు మధ్య రైలుంది కదా?
– పాఠకుడు, పెదకాకాని

జవాబు: ఉంది. కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు మీదుగా పోతుంది. దూరప్రాంత రైళ్లు, గూడ్సులు కూడా ఆ పట్టాల మీదే పోవాలి కాబట్టి, పది నిమిషాలకొక లోకల్ నడపడం రైల్వేకు సాధ్యమయ్యే పని కాదు. మంగళగిరి స్టేషనుకూ బస్సు మార్గానికీ మధ్య ఒక చిన్న అనుబంధ సర్వీసు మాత్రం తప్పకుండా పెట్టాలి.

ప్రశ్న: ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం. మీరు చెప్పే స్టేషనులో గేటు దగ్గరే టిక్కెట్టు అంటే, మాకు ఎలా?
– చేనేత కార్మికురాలు, మంగళగిరి

జవాబు: ఇది ఇంజినీర్లు మర్చిపోయే ప్రశ్న, అడిగినందుకు సంతోషం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు గుర్తింపు కార్డు చూపితే కండక్టరు సున్నా టిక్కెట్టు ఇస్తున్నారు. కొత్త మార్గంలోని బస్సులను ఈ తరగతుల్లో చేరుస్తారా లేదా అన్నది ముందుగా ప్రభుత్వం తేల్చాలి. చేర్చకపోతే పక్కనే ఉచితంగా పోయే పల్లెవెలుగును వదిలి ఎవరూ స్టేషనులోకి రారు, మార్గం ఖాళీగా ఉంటుంది.

చేర్చిన పక్షంలో, ప్రతి మహిళా గేటు దగ్గర ఆధార్ తీసి చూపించి సున్నా టిక్కెట్టు తీసుకునే పద్ధతి పెడితే, బస్సులో మిగుల్చుకున్న సమయం అంతా కౌంటరు ముందు క్యూలో పోతుంది. ఒకసారి నమోదు చేసుకుని, గేటుకు తాకిస్తే తెరుచుకునే కార్డు ఇవ్వడం మేలు. ప్రయాణం ఉచితమైనా లెక్క నమోదవుతుంది, దాన్నిబట్టే ప్రభుత్వం సంస్థకు డబ్బు చెల్లించాలి. కార్డు ఇంట్లో మర్చిపోయినవారి కోసం, ఫోను లేనివారి కోసం ప్రతి స్టేషనులో కనీసం ఒక గేటు దగ్గర మనిషి ఉండాలి. మగ్గం పని ముగించుకుని చీకటిపడ్డాక వచ్చేవారు మీ ఊళ్లో ఎక్కువ కాబట్టి, ఆ మనిషి ఆఖరి బస్సు పోయేదాకా అక్కడ ఉండేలా నిర్వహణ ఒప్పందంలోనే రాయించాలి.